ముఖం లేని పీరు

కారు అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. జగన్మోహన్ ఉలిక్కిపడి లాప్‌టాప్ మూసేశాడు.

బయట మంచులో ఒక పెద్దావిడ. తలకి ఉన్ని టోపీ, చేతుల నిండా ఎండిన మట్టి.

"రోజూ ఇక్కడే కూర్చుంటున్నావు. బరువులు ఎత్తగలవా?" ఇంగ్లీషులో అడిగింది.

"దేనికండీ?"

"మట్టి బస్తాలొచ్చాయి. నా నడుము మాట వినడం లేదు."

కాదనడానికి అతనికి వేరే పనేముంది? లేఆఫ్ అయి అప్పటికి తొమ్మిది రోజులు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే హెచ్‌వన్ వీసా పోతుంది. ఆ సంగతి భార్య రేణుకి చెప్పలేదు. రెండు గర్భాలు పోయాక నిలిచింది ఇది, ఇప్పుడు అయిదో నెల. ఏ దిగులూ పెట్టుకోకూడదని డాక్టర్ మరీ మరీ చెప్పింది. అందుకే పొద్దున్నే ఆఫీసు బ్యాడ్జి మెళ్ళో వేసుకుని నేపర్‌విల్‌లోని ఇంటినుంచి బయల్దేరేవాడు. లైబ్రరీ పార్కింగ్‌లో, కారులోనే కూర్చుని అప్లికేషన్లు పెట్టుకునేవాడు.

ఆవిడ పేరు మహనాజ్. ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. లైబ్రరీ వెనకాలే ఆవిడ స్టూడియో. లోపల అడుగుపెట్టిన జగన్మోహన్ బస్తా భుజాన ఉండగానే నిలబడిపోయాడు. నడుమెత్తు మట్టి బొమ్మలు. ఫకీర్లు, పీర్లు, రెక్కలు ముడుచుకున్న దేవదూతలు. కొన్ని పచ్చివి, కొన్ని బట్టీలో కాలి నీలంగా మెరుస్తున్నాయి.

పదకొండు బస్తాలు మోశాక ఆవిడ పళ్ళెం ముందు పెట్టింది. మసూర్ పప్పు వేసి వండిన అన్నం.

"వద్దండీ, ఆకలి లేదు."

"తినకపోతే రేపు పనిలేదు. తింటే రేపు కూడా రా. ఆ వెనక గది ఖాళీ. తలుపేసుకుని నీ ఫోన్లు మాట్లాడుకో."

ఆ గదిలోనే పద్నాలుగు ఇంటర్వ్యూలు ఇచ్చాడు. కాదన్న ప్రతిసారీ బయటికొచ్చి మట్టి పిసికేవాడు. ఆవిడ ఏమీ అడిగేది కాదు, టీ పోసిచ్చేది.

ఒకరోజు, "కదలకుండా కూర్చో, కొత్త బొమ్మకి నీ ముఖం కావాలి" అంది.

"నేను పీరునా?" నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

"కాదు, దారి తప్పినవాడివి. నీ పక్కన నిలబడే పీరు పేరు ఖిజ్ర్. దారి తప్పినవాడికి ఎదురొచ్చి, దారి చూపించి వెళ్ళిపోతాడని మావాళ్ళు చెప్పుకుంటారు. వెళ్ళాక గానీ ఎవరో తెలీదట."

రెండు వారాలకు బొమ్మల జంట తయారైంది. దారి తప్పినవాడికి అచ్చం జగన్మోహన్ కళ్ళే. పీరు ముఖం మాత్రం నున్నగా వదిలేసింది.

"ముఖం చెక్కలేదేం?"

"సాయం చేసేవాళ్ళ ముఖం కనిపిస్తే తీసుకునేవాడు సిగ్గుపడడూ?"

సాయంత్రం ఇంటికెళితే రేణు అతనికిష్టమైన కూరేదో చేసి ఉంచేది. ఆఫీసు సంగతులు ఎత్తేది కాదు. అలసిపోయి ఉంటుందిలే అనుకుని అతను ఊపిరి పీల్చుకునేవాడు.

నలభై ఏడో రోజు షామ్‌బర్గ్‌లో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. వెనక గదిలోంచి పరుగున వచ్చి మహనాజ్ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. "నాకు కాదు, నాకు కాదు" అంటూ ఆవిడ భుజాలు పట్టి లేపింది. ఇద్దరి కళ్ళూ చెమ్మగిల్లాయి.

ఆవిడ ఎగ్జిబిషన్ మొదలైన ఆదివారం, రేణుని తీసుకుని బయల్దేరాడు. డ్రైవ్ చేస్తూనే అంతా చెప్పేశాడు.

"నీ దగ్గర దాచడం తప్పే. కానీ ఆవిడ ఎదురుపడకపోతే ఏమైపోయేవాణ్ణో రేణూ. దేవుడే పంపినట్టు వచ్చింది."

రేణు కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. కాసేపటికి అతని చేతిమీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు మీరు మనస్ఫూర్తిగా నవ్వుతున్నారు. నాకదే చాలండీ."

కోపగించుకోనందుకు అతనికి ఆశ్చర్యం వేసింది. ఎంత మంచిదీ అనుకున్నాడు.

గ్యాలరీలో మహనాజ్ ఎదురొచ్చింది.

"మహనాజ్ గారూ, ఈమె మా..." అంటూ పరిచయం చేయబోయాడు.

ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళి రేణుని రెండు చేతులా పొదువుకుంది.

"రేణూ, ఆ రోజు లైబ్రరీ దగ్గర చూపించి నువ్వు చూసుకోమన్న మనిషిని బాగానే చూసుకున్నానా?"