దొరగారి పొగరు

తిరుత్తణి స్టేషన్లో దిగీ దిగగానే దామోదరం గొంతు సవరించుకున్నాడు.

“ఇంకా గ్రౌండు కూడా రాలేదు మామా,” అని నవ్వాడు మురళీధరన్. “అప్పుడే మొదులుపెట్టినావా?”

“ఆపరేషనైన గొంతురా. పనిచేస్తాదో లేదో చూసుకోవద్దా?”

ఇద్దరూ తిరువళ్లూరు ఫుట్‌బాల్ క్లబ్బు మనుషులు. ఆటగాళ్లు కారు, వట్టి అభిమానులు. ఆ సాయంత్రం తిరుత్తణి క్లబ్బువాళ్లు తమ ఆటగాడు ఇంద్రసేనకు వీడ్కోలు సన్మానం పెట్టుకున్నారు. పొరుగు క్లబ్బు కదా అని తిరువళ్లూరు వాళ్లనూ మర్యాదకు పిలిచారు.

దామోదరం వచ్చింది మర్యాదకు కాదు. మైకు ముందు నిలబడిన ఇంద్రసేనను ఊరందరి ముందూ ఒక్క మాటతో చిన్నబుచ్చాలి. ఆ ముఖం మాడిపోవడం కళ్లారా చూడాలి. తిరుగు బండిలో హాయిగా కూర్చుని ఇంటికి పోవాలి. అంతే.

నిజానికి ఇంద్రసేన పేరెత్తితే తిరువళ్లూరులో ఎవరి మనసూ ఒక దారిన ఉండదు. తమ మీద అన్నన్ని గోల్స్ కొట్టినవాణ్ణి తిట్టకుండా ఉండలేరు. తిట్టిన నోటితోనే “మనోడై ఉంటేనా!” అని నిట్టూర్చకుండానూ ఉండలేరు. మురళీధరన్ అయితే ఇంద్రసేన ఆట వీడియోలు సెల్లులో దాచుకుని చాటుగా చూసుకునేవాడు.

దామోదరానికి ఆ ఊగిసలాట లేదు. ఒకప్పుడు ఉండేది.

కూతురు జ్యోతిక చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. తిరువళ్లూరు స్టేషన్లో ఇంద్రసేన రైలు దిగి వస్తుంటే, “నాయనా, సంతకం!” అని ఆ పిల్ల చెయ్యి పట్టి లాగింది. ఎదుటి క్లబ్బువాడే అయినా దామోదరానికీ గుండె దడదడలాడింది. మాట పెగల్లేదు. దారి పక్కన నిలబడి ఊరకే చెయ్యి చాచాడు. పిల్ల పెన్ను చాచింది.

ఇంద్రసేన తల నిటారుగా పెట్టుకుని, వాళ్లను రాసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ చేతి వంక చూడలేదు. పెన్ను వంక చూడలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో దామోదరానికి తెలియలేదు.

“దొర! కండ్లు నెత్తికెక్కినాయి,” అన్నాడు కూతురితో. ఇంటికెళ్లేదాకా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది.

అప్పట్నుంచీ ఇంద్రసేన ఆడే మ్యాచ్ ఎక్కడ జరిగినా సరే, దామోదరం గోల్ పోస్టు వెనక తయారు. ఇంద్రసేన ఏ గోల్ మీదికి వస్తే ఆ గోల్ వెనక. హాఫ్ టైమ్ అయి జట్లు వైపులు మారితే తనూ మారేవాడు. బంతి ఇంద్రసేన కాలికి దొరకగానే మెడనరాలు ఉబ్బేలా అరిచేవాడు.

“దొరా! ఇట్ల కొట్టు దొరా! నీ బతుక్కి గోలొకటా? కొట్టరా చూస్తాం!”

ఇంద్రసేన కొట్టేవాడు. గోల్ పడేది. దామోదరం ఇంకా గట్టిగా తిట్టేవాడు. అన్నేసి మాటలన్నా ఆ మనిషి ఒక్కసారి తల తిప్పి ఇటు చూసిన పాపాన పోలేదు. అది చూసి దామోదరానికి ఒళ్లు మండిపోయేది. తిట్టడానికి కూడా తగమా మేము, అనుకునేవాడు.

పోయినేడు దామోదరం గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, చాలాకాలం అరవకూడదని గట్టిగా చెప్పాడు. గ్రౌండుకు పోయి అరవకుండా ఉండడం తన వల్ల కాదని ఇల్లు కదలలేదు. ఆట కబుర్లు మురళీధరనే మోసుకొచ్చేవాడు. ఆ సీజన్లో ఇంద్రసేన ఒక్క గోల్ కొట్టలేదు. బంతి ఒకసారి గోడ మీదికి, ఒకసారి రోడ్డు మీదికి. సొంత క్లబ్బువాళ్లే కూర్చోబెట్టారు. ఇంక ఆడనని తనే చెప్పేశాడు.

“పాపం మామా,” అన్నాడు మురళీధరన్.

“పాపమేందిరా? పొగరు అణిగింది,” అని గుసగుసగానే సంబరపడ్డాడు దామోదరం.

ఇప్పుడు వేదిక మీద పూలదండతో కూర్చున్నాడు ఇంద్రసేన. జనం కింద నుంచి వంగి వంగి వణక్కం పెడుతున్నారు. తిరిగి చెయ్యెత్తడు. ఎటో చూస్తున్నాడు.

“చూస్తివా? ఇంకా అణగలే,” అని పళ్లు కొరికాడు దామోదరం.

ఇంద్రసేన మైకు ముందుకొచ్చాడు. చప్పట్లు ఆగాయి. దామోదరం లేచి నిలబడి గుండెనిండా గాలి పీల్చాడు.

“దొరా! సీజనంతా గోలు యాడుందో తెలీని దొరకు శాలువ ఒకటా!”

గొంతు పనిచేసింది. గ్రౌండంతా మారుమోగింది. తిరుత్తణి కుర్రాళ్లు మీదపడి చొక్కా పట్టుకున్నారు.

“విడవండి! ఆయన్ను ఎవురూ ముట్టొద్దు!” మైకులో ఇంద్రసేన కేక పెట్టాడు.

శాలువ జారిపోతున్నా పట్టించుకోకుండా మెట్ల వైపు వచ్చాడు. భార్య భార్గవి పరుగున వచ్చి చెయ్యి అందించింది. మెట్లు దిగేదానికి కూడా పెండ్లాం పట్టుకోవాల్నా దొరకు, అనుకున్నాడు దామోదరం. కొడతాడేమోనని పిడికిలి బిగించాడు.

ఇంద్రసేన వచ్చాడు. వచ్చి, పక్కనున్న మురళీధరన్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

“అన్నా, పోయినేడంతా యాడికి పోయినావన్నా? మ్యాచి మ్యాచికీ ఎదురుచూస్తి కదన్నా!”

మురళీధరన్ నోరు వెళ్లబెట్టాడు. దామోదరానికి తల తిరిగిపోయింది. అరిచింది తను. ఎదురుగా నిలబడింది తను. ఇప్పుడు కూడా తన ముఖం చూడడు!

“పక్కోణ్ణి పట్టుకుంటావేం దొరా? అరిచింది నేను!”

భార్గవి భర్త చేతులు మెల్లగా విడిపించి దామోదరం చేతుల్లో పెడుతూ అంది: “కోపం చేసుకోవద్దన్నా, కాలి కాడి బంతి తప్ప ఈయనకేమీ కనపడక శానా ఏండ్లాయ, మీ గొంతు యాడ వినబడితే ఆడుంది గోలని కొడతా వచ్చినాడు.”