లంక రేవులో కొంగ

ఏటి నడుమ లంకలో కుందేళ్ల జట్టు పంపరపనస కాయతో బంతాట ఆడేది. ఒకప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా గట్టు మీదుగా నడిచొచ్చి వాటితో కలిసి ఆడేవారు. తర్వాత లంకవాళ్లు ఆ గట్టు తెంచేసి, రేవులో కొంగను కాపలా పెట్టారు. ఎవరి లంక వాళ్లిష్టం.

మేకలతో పోటీ ఉన్న రోజున ఒక నీటికుక్క ఈదుకుంటూ వచ్చింది.

"కుందేళ్లు నన్ను ఆటకి పిలిచాయండీ."

"పెద్ద పోటీల్లో ఆడావా?" అంది కొంగ.

"మా మడుగు చిన్నదండీ. పెద్ద పోటీలు మీ లంకలోనే జరుగుతాయి. రానిస్తే ఆడతాను."

"ముందు ఆడి రా. అప్పుడు రానిస్తాను."

నీటికుక్క ఆట చూస్తూ నీళ్లలోనే ఉండిపోయింది.

ఆట ముగిసే వేళకి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అంతలో కాయ దొర్లి ఏట్లో పడింది. నీటికుక్క తలతో ఒక్కటిచ్చింది. కాయ గాల్లోకి లేచి, మేకలన్నిటినీ దాటి, వాటి గోలుగా పెట్టుకున్న రెండు పుట్టల మధ్య నుంచి దూసుకుపోయింది. కుందేళ్లు గంతులేశాయి.

"ఇప్పుడు నేను పెద్ద పోటీలో ఆడినట్టేనా అండీ?" అంది నీటికుక్క ఆశగా.

కొంగ ఒంటికాలి మీద చాలాసేపు ఆలోచించింది.

"గోలు మాదే," అంది చివరికి. "నువ్వు మాత్రం ఆడలేదు."