విందు నాది, ఎరువు నీది

ఒరే మన్‌బోక్,

పదేళ్లుగా కడుపు మండుతూనే ఉంది. మా ఇంట్లో ఏ విందు జరిగినా పీకలదాకా తింటావు, బియ్యపు కల్లు కుండ ఖాళీ చేస్తావు, ఆపైన పొట్ట పట్టుకుని మీ ఇంటికి పరుగెడతావు. మా దొడ్లో కూర్చోమంటే, "మా ఎరువుగుంట నాకోసం ఎదురుచూస్తోందిరా" అంటావు. తిండి పెట్టింది నేను, బలిసింది నీ మడి. నీ క్యాబేజీలు కుండలంత ఉన్నాయి, నావి పిడికిలంత. ఈ చలికాలం మా కిమ్చీ ఊరగాయ జాడీ సగం కూడా నిండదు.

నిన్న మీ నాన్న తద్దినానికి వచ్చి కసితీరా తిన్నాను. కడుపులో గడబిడ మొదలైంది. అది చూసి మీ ఆవిడ, "అన్నయ్యా, మా దొడ్డి అదిగో, మొహమాటపడకండి" అంది.

"మొహమాటమేం లేదమ్మా, మాకూ గుంట ఉంది" అని బయల్దేరాను.

ఇల్లు చేరలేకపోయాను. నీ క్యాబేజీ మడిలోనే కూర్చోవలసి వచ్చింది.

మూడో వరసలో చివరి మొక్క దగ్గర ఉన్నది నాది. గంపతో వచ్చి ఎత్తుకుపోనిస్తావా, ఆ క్యాబేజీ నాకిస్తావా? వచ్చే సంత రోజులోగా జవాబు చెప్పు.