శ్రుతి తప్పిన కాన్సర్టినా

“వారసుడుగారు దిగారు,” అన్నాడు పబ్బు యజమాని టైగ్, గ్లాసు తుడుస్తూ.

కార్మక్ తడి గొడుగు విదిలించుకుంటూ లోపలికి వచ్చాడు. చంకలో ఆరు పలకల చెక్క డబ్బా. అందులో అతని మేనత్త డిలియా కాన్సర్టినా, రెండు చేతుల్లో పట్టుకుని తిత్తి సాగదీసి వాయించే పెట్టె. ఆవిడ పోయి నెల కూడా కాలేదు. ఆ వాయిద్యం ఆవిడకన్నా వయసులో పెద్దది. అలాంటి పాతవాటి కోసం లండన్‌లో జనం ఎగబడతారు. కొని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. వాయించరు.

ఆదివారం చర్చిలో మాస్ ప్రార్థన అయ్యాక ఊళ్లో వాయించేవాళ్లంతా ఈ పబ్బులో చేరతారు. అక్కడ ఇన్నేళ్లుగా ఆ పెట్టెను పలికిస్తున్నది నోరీన్. తన వేళ్లు బిగుసుకుపోయాక డిలియానే దాన్ని నోరీన్ ఒళ్లో పెట్టింది. “నా తర్వాత ఇది నీదే” అని పదిమందిలో చెప్పింది. లాయరుతో చెప్పడం మాత్రం మరిచిపోయింది. నోరీన్‌కు ఇంకో వాయిద్యం లేదు, కొనే తాహతూ లేదు. కార్మక్‌కేమో దాన్ని అమ్మి డబ్లిన్‌లో ఇంటి వెనక వేడినీళ్ల తొట్టి కట్టించుకోవాలని ఉంది.

“తొట్టిలో మునిగినప్పుడల్లా అత్తను తలుచుకుంటావా నాయనా?” అంది నోరీన్.

“తప్పకుండా,” అన్నాడు కార్మక్. వెటకారం అతనికి అంటదు. సంగీతమూ అంతే. జాతీయగీతం మొదలైందని పక్కవాళ్లు లేస్తే గానీ తెలియని మనిషి.

“లండన్ వ్యాపారి ఫోన్లో వింటానన్నాడు,” అని చెప్పాడు. “ఒంటరిగా వద్దట, ఫిడేళ్లతో కలిపి వాయించాలట. ఈకాలం శ్రుతిలో ఉందో, పూర్వకాలం శ్రుతిలో ఉందో అప్పుడు గానీ తేలదట. పూర్వకాలందైతే ఆయనకు వద్దు. మీరే వాయించాలి. ఇంకెవరికి చేతనవుతుంది?”

“నా మెడకు ఉరితాడు నన్నే పేనమంటున్నావు,” అంది నోరీన్. అయినా డబ్బా అందుకుంది.

ఐదు ఫిడేళ్లు బయటికి వచ్చాయి. మధ్య కుర్చీ ఫాదర్ మలాకీది. ఆ రోజు శ్రుతి చేసుకోవడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపే పట్టింది. డోనల్ ఫిడేలు తీగ టప్పున తెగి చెంపకు తగిలింది.

“దిక్కుమాలిన వాన,” అన్నాడు డోనల్. ఫాదర్ పక్కనే ఉన్నాడు కాబట్టి అంతటితో ఆగి, కొత్త తీగ కట్టుకున్నాడు.

కార్మక్ వ్యాపారికి ఫోను కలిపి బల్లమీద పెట్టాడు. నోరీన్ తిత్తి సాగదీసింది.

అబ్బ, ఏం చెప్పాలి! ఫిడేళ్లది ఒక దారి, కాన్సర్టినాది ఇంకో దారి. కార్మక్‌కు కూడా పళ్లు జివ్వుమన్నాయి. పొయ్యి దగ్గర పడుకున్న కుక్క లేచి వానలోకి వెళ్లిపోయింది. నోరీన్ ఆపలేదు. రెండో పాట మొదటిదానికన్నా ఘోరంగా ఉంది.

“ఎవరైనా దాని గొంతు పిసకండయ్యా, పుణ్యముంటుంది!” అని అరిచాడు డోనల్.

“అత్త ఉన్నప్పుడు బాగానే ఉండేది కదా?” అన్నాడు కార్మక్ నీరసంగా.

“ఆవిడ ముందు అనే ధైర్యం ఎవడికుంది?” అన్నాడు టైగ్.

కార్మక్ ఫాదర్ వైపు తిరిగాడు. “ఫాదర్, మీరైనా నిజం చెప్పండి.”

ఫాదర్ మలాకీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఐదు ఫిడేళ్లూ ఒక్క మాట మీదున్నాయి నాయనా. కలవనిది ఆ పెట్టె ఒక్కటే. అంతకుమించి నేనేం చెప్పను?”

ఫోనులోంచి వ్యాపారి నిట్టూర్పు వినిపించింది. “పూర్వకాలం శ్రుతే. లోపల స్వరం పలికే రీడ్లన్నీ ఒక్కొక్కటిగా రాకి సరిచేయించాలి. ఆ ఖర్చుకు ఇంకోటి వస్తుంది. పూలకుండీ కింద పెట్టుకోండి.” అని పెట్టేశాడు.

నోరీన్ తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుంది. “పోనీలే, డిలియా గుర్తుగా నాకిచ్చెయ్యి నాయనా.”

“తీసుకోండి. దీన్ని మళ్లీ డబ్లిన్ దాకా ఎవడు మోస్తాడు?”

“ఊరికే వద్దు, పాపం చుట్టుకుంటుంది,” అంటూ అతనికి బేకనూ క్యాబేజీ తన ఖాతాలో పెట్టించింది. కార్మక్ ప్లేటు ఊడ్చేసి, బంగాళదుంపలు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. సాగనంపడానికి అందరూ గుమ్మం దాకా వచ్చారు. ఫాదర్ మలాకీ స్వయంగా గొడుగు పట్టాడు.

కారు వంతెన దాటిన చప్పుడు వినిపించాక నోరీన్ ఒక్క స్వరం పట్టి ఉంచితే, ఫాదర్ మలాకీతో సహా ఐదుగురూ అర స్వరం పైకి బిగించిన తమ ఫిడేళ్ల తీగల్ని మళ్లీ దానికి దించుకున్నారు.