తోడుకోని పాలు

కోడలు ఇషితకు ఆపరేషన్ జరిగిన మర్నాటికి కూడా, ఆమె అప్పజెప్పి వెళ్లిన సీసాలో పాలు తోడుకోలేదు. పాలను పుల్లగా మార్చే కెఫిర్ గింజలు అందులో అలాగే తేలుతున్నాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన అత్త మనోరమకు కాలు నిలవలేదు. "ఇంట్ల సల్ల ఉండంగ గీ గింజలేంది?" అని ఎన్నోసార్లు వెక్కిరించింది ఆమే. ఇప్పుడు పాలు మార్చింది, సీసాను పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది, మాటిమాటికీ మూత తీసి చూసింది. పాలు పాలలాగే ఉన్నాయి. గింజలకేమైనా అయితే కోడలికీ ఏదో అవుతుందని భయం పట్టుకుంది.

ఎవరో చెబితే మేడ్చల్ నుంచి బస్సులు మారి యాప్రాల్ వెళ్లింది. ముఖం తెలియని మనిషిని బతిమాలి చెంచాడు గింజలు తెచ్చింది.

ఇషిత ఇంటికి రాగానే మనోరమ ఆగలేకపోయింది.

"నీ గింజలు నా చేతుల్ల సచ్చిపోయినయ్ బిడ్డా. ఇవి వేరేటివి తెచ్చిన."

ఇషిత ముఖం చిన్నబోయింది. "మీ చేతుల్ల కాదు అత్తమ్మా. నేను ఇచ్చినప్పుడే అవి పాడైనయ్."

"అంటే?"

"మీరు పారబోస్తరని భయమైంది. పాడైనవి మీకిచ్చి, మంచివి ఫ్రిజ్‌ల వెనక దాచి పోయిన."

మనోరమ కోడలి పక్కన మెల్లగా కూర్చుంది.

"పారబోద్దామనే తీస్కున్న బిడ్డా," అంది. "నిన్ను ఆపరేషన్‌కు లోపలికి తీస్కపోయేదాంక గదే అనుకున్న."