గోత్రం లేని పేరు

లోకం కోసం మింగిన విషపు మచ్చను కంఠాన ఆభరణంగా ధరించిన నీలకంఠునికి నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

మార్కాపురంలో రంగనాయకమ్మ ఇంట కార్తిక సోమవారం అన్నదానం. మనవరాలు యామిని ప్రాణగండం దాటిన ఏడాది నుండి ఆమె పట్టిన నియమం అది.

విస్తళ్లు వేశారు. పురోహితుడు సంకల్పం చెబుతూ పేర్లు చదివాడు.

పంక్తి చివర, ముఖానికి తువాలు చుట్టుకొని కూర్చున్న కొత్త మనిషి ఒకడు ఉలిక్కిపడి చేతులు జోడించాడు.

తువాలు జారిపోయింది.

ముక్కు లేదు. ఆ చోట ఎముకలోకి దింపిన లోహపు మరలు. వాటి చుట్టూ ఎర్రగా వాచి, చీము పట్టిన చర్మం.

పక్కవాళ్లు విస్తళ్లు వదిలి లేచారు.

"ఏంది నాయనా ఇది? నలుగురు తినే చోట!" అన్నది రంగనాయకమ్మ.

"పెట్టుడు ముక్కు జేబులో డబ్బీలో ఉందమ్మా. చీము పట్టిందని డాక్టరు తీసేయమన్నాడు. ఉప్పునీళ్లతో కడిగి మందు పూస్తుండా. మానకముందే పెట్టుకుంటే మరలు నిలవవంట."

"ముక్కు జేబులో పెట్టుకొని తిరిగేవాణ్ణి ఇప్పుడే చూస్తుండా!" అన్నది పొరుగింటి సుబ్బులు. ఎవరో నవ్వారు.

"ఒక్క పూటకేం కాదులే," అన్నది రంగనాయకమ్మ. "పెట్టుకొని తిను. లేదంటే నీ విస్తరి వీధిలో వేయిస్తా."

అతడు డబ్బీ తెరిచి, ముక్కు అదిమి పెట్టుకున్నాడు. కన్నీళ్లు కారుతుండగానే తిన్నాడు.

పోతూ అడిగాడు: "పాప బాగుందా అమ్మా?"

"కాలేజీకి పోయింది. నీకెందుకు?"

"ఊరికేనమ్మా."

పక్షం తరువాత, తనను కాపాడిన మనిషికి బట్టలు పెట్టి రమ్మన్న యామిని పోరు పడలేక రంగనాయకమ్మ కొడుకు వెంకటకృష్ణ కొత్త బట్టలు తీసుకొని కొమరోలు వెళ్లాడు. ఆ బట్టలతోనే తిరిగి వచ్చాడు.

"పోదాం పోదామని ఇన్నేండ్లు చేసినాం గదమ్మా. ఏబేలన్న ఆసుపత్రిలో ఉండాడు. చేలో మన పాపకు అడ్డం పడినప్పుడు ఎలుగుబంటి చేసిన గాయం మానిపోయిందనుకుంటిమి. ఆయన ముక్కే పోయిందమ్మా! పెట్టుడు ముక్కు మరల చుట్టూ చీము ఎముకదాకా దిగితే, మరలన్నీ పీకేసినారు. ఇంక ఏ ముక్కూ నిలవదంట."

రంగనాయకమ్మ అడిగింది:

"మందు... వాడలేదా?"

"వాడినాడు. ఎక్కడో భోజనాల కాడ ఎవరో ముక్కు పెట్టుకోమన్నారంట. ఎవరని పెండ్లాం రూతమ్మ అడిగితే చెప్పలేదు. 'పాప కాలేజీకి పోతుంది' అని మాత్రం చెప్పి నవ్వినాడంట."

గోత్రం లేకపోయినా, మనిషిని ఎన్నడూ చూడకపోయినా, ఏటేటా సంకల్పంలో తాను చదివించే 'ఏబేలు' అన్న పేరుకే ఆనాడు పంక్తి చివర ఆ మనిషి చేతులు జోడించాడని రంగనాయకమ్మకు అప్పుడు తెలిసింది.

ఈ కథ విన్నవారందరి ఇంట అన్నం తరగకుండుగాక. వారి పంక్తిలో ఎవరికీ చోటు కరవు కాకుండుగాక.