అవతలి చివర

"వెలుతురు కనిపిస్తోంది," అంది ఆవిడ, ఒక కన్ను మూసి రెండో కన్ను చెక్క పలక అంచుకి ఆనించి.

షాపతని ముఖంలో ఉన్న కాస్త వెలుతురూ పోయింది.

"ఎక్కడమ్మా?"

"ఇదిగో, పలకకీ బల్లకీ మధ్య. బల్ల కిందికి వాలింది."

ఆవిడతో వచ్చిన సర్వేయరు వంగి చూశాడు. నిజమే, సన్నటి వెలుగు గీత. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేల ఎత్తుపల్లాలు కొలిచిన మనిషి. ఒక వాలు చూసి ఇంత సంతోషించడం మాత్రం ఇదే మొదలు. పైకి "అయ్యయ్యో" అన్నాడు.

ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో, బల్ల మీద బిగించుకునే చిన్న చిత్రిక మిషను ఉంది. ఒకవైపు చెక్క పెడితే నున్నగా అయి రెండోవైపు నుంచి వస్తుంది. పొట్టి చెక్కలతో పేచీ లేదు. పొడుగు చెక్క అయితే బయటికొచ్చిన కొస బరువుకి వాలిపోతుంది, లోపలి కొస పైకి లేస్తుంది, బ్లేడు అక్కడ ఎక్కువ కొరికి గుంట పెడుతుంది. అందుకని మిషనుకి రెండువైపులా ఎక్స్‌టెన్షన్ బల్లలు తగిలించుకోవాలి. లేదా అవతల ఒక మనిషి నిలబడి చెక్క పట్టుకోవాలి.

భార్య పోయాక ఆ షెడ్డులో మిషను చప్పుడు తప్ప మాట వినిపించలేదు. అలాంటిది, పక్క వాటాలో దిగిన రిటైర్డ్ నర్సు ఓ రోజు గోడ మీంచి చూసి, "ఒంటిచేత్తో ఏం అవస్థ పడతారు, ఆ చివర నాకివ్వండి" అంటూ వచ్చేసింది. ఆవిడదీ ఒంటరి బతుకే. అప్పట్నుంచీ సాయంత్రాలు అవతలి చివర ఆవిడదే. మిషను ఆగిన సందుల్లో కబుర్లు. వీధిలో అందరూ ఆవిడని సిస్టర్ గారూ అంటారు. సర్వేయరుకి మాత్రం ఎందుకో ఆ పిలుపు నోటికి రాదు. "ఏమండీ" అని సరిపెట్టుకుంటాడు.

మొన్న ఆవిడ ఇంట్లో లేనప్పుడు పొడుగు చెక్క జారి ఆయన వేలు నలిగింది. ఆవిడ రాగానే హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టరు చుట్ట తీసి మూడు పొరలు వేసింది. "ఒక్క పొరైతే మీరు సాయంత్రానికి పీకేస్తారు" అని తిట్టింది కూడా. వీడియో కాల్లో ఆ వేలు ఆయన కూతురి కంటపడింది.

"నాన్నా, ఇంకెన్నాళ్ళు ఆంటీ నడుం విరగ్గొడతావ్? ఆ బల్లలేవో కొనుక్కో. ఆంటీని కూడా తీసుకెళ్ళు. నువ్వొక్కడివే వెళితే ఏదో సాకు చెప్పి తిరిగొస్తావ్."

"నిజమేనమ్మా, నాకూ కాస్త విశ్రాంతి," అంది పక్కనున్న ఆవిడ.

ఆ మాట సర్వేయరుకి వేలి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. బల్లలొస్తే ఇంక ఆవిడ ఎందుకొస్తుంది?

పైగా ఆవిడ హుషారు చూడాలి! షాపువాళ్ళ మాట నమ్మకూడదని, ఆయన చిత్రిక పట్టిన తిన్నని టేకు పలకని తనే గుడ్డలో చుట్టి, బస్సులో ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని తెచ్చింది. షాపులో ఏ బల్ల చూపించినా నమూనా మిషనుకి తగిలించమంటుంది, రెండింటి మీదా ఆ పలక తనే పరుస్తుంది. పలక కింద వెలుతురు కనిపించిందా, బల్ల సమంగా లేనట్టే.

"ఇది చూడండమ్మా, పోత ఇనుము. ఏనుగెక్కినా వంగదు," అన్నాడు షాపతను, మూడో బల్ల బిగిస్తూ.

"మా షెడ్డులోకి ఏనుగు రాదులే బాబూ. జరుగు." పలక పరిచి, కన్ను మూసింది. "వెలుతురు."

అతను మరలు తిప్పి బల్ల కాస్త పైకి లేపాడు. వెలుతురు. ఇంకాస్త లేపాడు. మళ్ళీ వెలుతురే. ఒళ్ళు మండి, జేబులోంచి స్టీలు స్కేలు తీసి బల్ల మీద నిలబెట్టాడు.

"ఇదిగో, చీమ కూడా దూరదు!"

"జానెడు స్కేలుకి బారెడు తప్పు ఎలా దొరుకుతుంది?"

"సార్, మీరైనా చెప్పండి!"

సర్వేయరు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ చూపు ఖచ్చితం బాబూ. కనపడని నరాల్లోకి సూదులు గుచ్చిన మనిషి."

"అయినా మీకు బల్లలెందుకు సార్?" షాపతను చేతులెత్తేశాడు. "ఇంట్లో అమ్మగారుండగా!"

సర్వేయరు చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడకి ఉన్నట్టుండి పలక గుడ్డలో చుట్టే పని పడింది. కాదని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.

బస్సు కోసం నిలబడి ఉంటే కూతురు ఫోన్ చేసింది. ఫోన్ ఆవిడే అందుకుంది.

"దొరకలేదమ్మా. అన్నీ వాలు బల్లలే. మంచివి దొరికేదాకా నేనే పట్టుకుంటా, ఏం చేస్తాం."

"అయ్యో, మీకెంత శ్రమ ఆంటీ!"

"శ్రమే మరి," అని ఆవిడ నిట్టూర్చింది.

షెడ్డు దాకా వచ్చి పలక ఆయన చేతికిచ్చింది. "రేపు ఎప్పటిలాగే రానా?"

"వస్తే... పుస్తకాల బీరువాకి పొడుగు చెక్కలు చాలా మిగిలున్నాయండీ."

"చాలానే ఉన్నాయా?"

"తక్కువైతే కొనుక్కొస్తాను."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. సర్వేయరు పలకని గోడకి ఆనించబోతూ, నునుపు చూసుకునే అలవాటు కొద్దీ అడుగువైపు అరచేత్తో నిమిరాడు. అద్దంలా ఉంది. నిమురుతూ నిమురుతూ అటు కొసకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పలకని తిరగేసి కిటికీ వెలుతురులో పెట్టాడు.

ఆవిడ పట్టుకునే చివర, మూడు పొరల ప్లాస్టరు.